కాకి తన్నిన కబురు

భూషణం ఉన్నచోట నాకు మాట్లాడే అవసరం ఎప్పుడూ పడలేదు. మాది ఒకే ఊరు, మెట్‌పల్లి పక్కన. మా చిన్నాయన బిడ్డ ముత్యవ్వను అతనికిచ్చాం. వరసకు నాకు బావ. రియాద్‌కు నేను ముందొచ్చాను, అతను తర్వాత వచ్చాడు. ఊరి అంచున సులైలో, నీళ్ల పైపుల కంపెనీ యార్డులో ఇద్దరికీ ఒకే పని, క్యాంపులో ఒకే గది. అతను మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. దేశం కాని దేశంలో మా ఇద్దరికీ అలా సరిపోయింది.

యార్డు ఇంజనీరు విల్లెం సారు హాలెండు మనిషి. పొడుగ్గా, ఎర్రగా, ఎండకు చర్మం లేచిపోయిన ముక్కుతో ఉండేవాడు. ఒకప్పుడు బొంబాయి రేవులో పని చేశాడట, అక్కడి హిందీ వచ్చు. అందులో సగం తిట్లు. మధ్యాహ్నం తిండివేళ ఏసీ గదికి పోకుండా ట్రెయిలర్ నీడలో మాతోనే కూర్చునేవాడు. ఆయన దగ్గర అట్టలూడిన చిన్న పుస్తకం ఒకటుండేది. వాళ్ల తాతదట. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో రాసిన పద్యాలు. పద్యమంటే రెండు చరణాలే, మహా అయితే నాలుగు. వైద్యుల మీద, వకీళ్ల మీద, పిసినారుల మీద, పెళ్లాల మీద. రోజంతా కొలువు చేసుకునే మనుషులు బండిలో పోతూ, పడవలో పోతూ చీటీ ముక్కల మీద రాసిపడేసేవారట.

"మా దేశం సముద్రానికన్నా కిందుంటుంది. కట్ట కట్టి నీళ్లను ఆపుకుంటాం" అని చెప్పి, ఒకరోజు కట్ట కాపలావాడి సమాధి పద్యం తన హిందీలో వినిపించాడు. ఆ మనిషి బతికినన్నాళ్లూ సముద్రాన్ని బయటే ఆపాడట. చివరికి బీరు గ్లాసులో మునిగి చచ్చాడట.

భూషణం పగలబడి నవ్వాడు. వంట మనిషి ఇనాయతుల్లా బీరు మాట విని చెవులు మూసుకున్నాడు గాని అక్కణ్ణుంచి లేవలేదు.

"అసలు తమాషా మీకు చేరలేదు. మా భాషలో ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా మెలిక తిరుగుతుంది. అది తేలేను" అన్నాడు విల్లెం సారు, పుస్తకం మూస్తూ.

"తేకుంటె తియ్యి సార్, మా తమాష మేమే జేసుకుంటం" అన్నాడు భూషణం.

అప్పుడు ఆయన వాళ్ల తాత ఇంట్లో ఆడే ఆట చెప్పాడు. బతికున్న మనిషికే సమాధి పద్యం కట్టాలి. ఎవరి మీద కట్టారో ఆ మనిషి మర్నాటి తిండివేళకు కట్టినవాడి మీద తిరిగి కట్టాలి. కోపం తెచ్చుకుంటే ఓడినట్టు.

మా దిక్కు మాటకు మాట జోడించి పాడడాన్ని కైగట్టుడు అంటారు. నాట్లప్పుడు ఆడవాళ్లు కడతారు, మగవాళ్లు కల్లు దగ్గర కడతారు. భూషణానికి అది పుట్టుకతో వచ్చింది. మర్నాటికల్లా ఇనాయతుల్లా చచ్చి పుట్టాడు:

"ఈడ పండిండు ఇనాయతుల్లా, ఎవ్వలు ఏడ్వకుండ్రి,
కండ్లనీళ్లు ఆయన పప్పుకన్న చిక్కన, పరువు తియ్యకుండ్రి."

హిందీలో దాని అర్థం విని ఇనాయతుల్లా గరిటె పట్టుకుని వెంటపడ్డాడు. ఆ రాత్రి పప్పు మాత్రం కొంచెం చిక్కబడింది. తర్వాత హాజరు వేసే ప్రభాకర్ సారు వంతు:

"ఈడ పండిండు ప్రభాకర్ సారు, సప్పుడు జెయ్యకుండ్రి,
లేసిండంటె ఓవర్‌టైమ్ ఏస్తడు, దగ్గరికి పోకుండ్రి."

నన్నూ వదల్లేదు:

"ఈడ పండిండు మా దేవన్న, ఉలుకు లేదని బెదరకుండ్రి,
బతికున్ననాడు గూడ గింతే, ఫరకు దేవులాడకుండ్రి."

విల్లెం సారు దాన్ని అడిగి అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. నేను తిరిగి కట్టాలి. నాకు రాలేదు. అందరూ నా మొహం చూస్తుంటే భూషణమే అడ్డం పడ్డాడు. "మా బావ యోచన జేస్తుండు. తొందర వెట్టకుండ్రి."

నాకు ఆ ఆట నచ్చలేదు. గదిలో ఒకసారి చెప్పాను. "గసొంటి మాట నోటెంట రావొద్దు బావా. తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటరు."

"గా దేవతలకు ఇకామా కార్డు ఉన్నదా? లేకుంటె రియాద్‌ల దిగనియ్యరు" అన్నాడు, దుప్పటి కప్పుకుంటూ.

ఆ ఎండాకాలం చివర్లో ఇరాకు వాళ్లు కువైట్‌లో దిగారు. రియాద్ రోడ్ల మీద యుద్ధ ట్యాంకులను మోసుకుపోయే లారీలు మొదలయ్యాయి. పోయేవాళ్లు పోయారు, మేం ఉన్నాం. ఓడలో వచ్చిన పైపులు తేవడానికి డ్రైవరు నబీ రసూల్ ట్రెయిలర్ మీద మమ్మల్నిద్దరినీ జెద్దాకు పంపారు. రియాద్‌లో నేను కాకిని చూడలేదు. జెద్దా రేవులో మాత్రం ఉన్నాయి, అచ్చం మన కాకులు. అవి ఓడలెక్కి మన దేశం నుంచే వచ్చాయని నబీ రసూల్ అన్నాడు. భూషణం పైపుకు తాడు బిగిస్తూ వంగి లేచాడు. కాకి ఒకటి సర్రున దిగి నడినెత్తి మీద తన్ని పోయింది.

నేను తాడు వదిలేసి అతని నెత్తి తడిమి చూశాను.

"మనూరి కాకే బావా, మొఖం గుర్తువట్టి మందలిచ్చింది" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. కాకి తల తన్నితే ఏం చెయ్యాలో మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మనిషి చచ్చాడని అయినవాళ్లకు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కరిగిపోతుంది. తర్వాత, లేదు, బతికే ఉన్నాడని చెప్పాలి. తిరిగొస్తున్న దారి పొడుగునా నేను ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నాను. నా పోరు పడలేక చివరికి సరేనన్నాడు.

అప్పట్లో మేం ఇంటికి ఉత్తరాల కన్నా క్యాసెట్లు ఎక్కువ పంపేవాళ్లం. సెలవు మీద ఊరికి పోయే మా క్యాంపు రాముకు ఇవ్వడానికి ఒక క్యాసెట్ నింపాం. చావు కబురు వేరేవాళ్లే చెప్పాలి కాబట్టి మొదటి పక్క నేను మాట్లాడాను. "చెల్లె, బావ ఇగ లేడు." అంతే. అంత చిన్న మాటకు గొంతు వణికింది. అబద్ధమైనా అది చావు మాట. కాసేపు ఖాళీ టేపు తిరగనిచ్చాను. రెండో పక్క భూషణం నిండుగా నవ్వి, తన మీద తనే కట్టుకున్నది చదివాడు:

"ఈడ పండిండు భూషణం, ఇప్పుడన్న నోరు మూస్తడు,
మన్ను జల్ది వొయ్యుండ్రి, మాట యాదికొస్తె లేస్తడు."

రాము తిరిగి వచ్చేటప్పుడు ముత్యవ్వ జవాబు తెచ్చాడు. యార్డులో తిండివేళ టేప్‌రికార్డరు పెట్టి అందరికీ వినిపించాడు భూషణం.

"థూ, నీ నోట్ల మన్నువడ! నేను పొయ్యికాడ్నే కూలవడ్డ. బీడీల చాట ఎటువొయిందో, తంబాకు ఎటువొయిందో. వాడంత వచ్చి నెత్తినోరు కొట్టుకుంటుంటె నీ నవ్వు ఇనవడె. ఇంకోపారి నువ్వు సచ్చినవంటె నేను ఏడ్వనంటె ఏడ్వ. మా అన్నకు జెప్పు, ఆయన గొంతు వణికిచ్చుడు జూసి నమ్మిన, ఇగ నమ్మ. ఏందో ఆటనట గదా, నీకేనా వచ్చేది? నేనూ గట్టిన, ఇను:

ఈడ పండిండు నా పెనిమిటి, ఇగ నాకు రంది లేదు,
ఏ దేశంల ఏ మంచం మీదనో అని సోంచాయించే పని లేదు."

ముందు అందరూ నవ్వారు. భూషణం మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది. "జూసిండ్రా, గది నా పెండ్లాం!" అని ఇనాయతుల్లా వీపు చరిచాడు. తర్వాత అర్థం చెప్పమని విల్లెం సారు అడిగితే నవ్వుతూనే చెప్పాడు. సారు నవ్వలేదు. చేతిలో రొట్టె అలాగే ఉంది. "మీ అందరిలో ఇదే బాగుంది. ఇలాంటిదాన్ని ఆ పాతవాళ్లయితే పుస్తకంలో ఎక్కించేవారు" అన్నాడు. భూషణం నవ్వు తగ్గించి, టేపు వెనక్కి తిప్పి, చివరి రెండు చరణాలు మళ్లీ విన్నాడు. సెలవు ఎప్పుడిస్తారని ప్రభాకర్ సారును ఆ సాయంత్రమే అడిగాడు. యుద్ధం సంగతి తేలాక చూద్దామన్నాడాయన.

యుద్ధం జనవరిలో మొదలైంది. సైరన్ మోగితే గదిలోకి పోవాలి. విషపు గాలి వస్తుందని కిటికీలకు ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులకు టేపు అంటించమన్నారు. తలుపు కింద తడి గుడ్డ పెట్టుకోమన్నారు. ఆకాశంలో రాకెట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని చప్పుడయ్యేది, కిటికీలు గలగలలాడేవి. ఆ ఏడు చలి కూడా ఎక్కువ. యార్డులో పైపుల కాపలాకు మనిషి కావాలంటే భూషణం ముందుకొచ్చాడు. కాపలా చేసినవాళ్లకు సెలవు ముందు ఇస్తామని మాటిచ్చారు.

కాపలా గది చిన్నది. రేకుల గది. పొద్దున డ్యూటీకి పోయినవాళ్లం తలుపు కొట్టాం. పలకలేదు. కిటికీకి ప్లాస్టిక్, తలుపు సందులన్నిటికీ లోపలినుంచి టేపు. ఎక్కడా గాలి పోకుండా ఎంత ఒద్దికగా అంటించాడో. పని ఏదైనా అతనిది శుభ్రమైన చెయ్యి. తలుపు విరగ్గొట్టి చూస్తే బొగ్గుల కుంపటి పక్కన, దుప్పటి మెడదాకా కప్పుకుని, గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. విషపు గాలి బయటినుంచి రాలేదు. కుంపట్లోంచి వచ్చింది.

ఆ రోజు ఇనాయతుల్లా పప్పు చిక్కగా వండాడు. గిన్నెలో గరిటె నిలబడింది. ఎవరూ తినలేదు.

భూషణాన్ని సర్కారు దవాఖాన చల్లగదిలో పెట్టారు. విమానాలు లేవు. విమానాలు నడిచినా, ఇంటికి పంపాలంటే భార్య వేలిముద్ర వేసిన కాగితం కావాలన్నారు. దానిమీద ఎమ్మార్వో ముద్ర ఉండాలి. అది రానంతవరకు మనిషి అక్కడే ఉంటాడు. కంపెనీ తంతి కొట్టింది. వెనకాలే కాగితం పంపింది. జవాబు రాలేదు.

రియాద్ బజారు బత్హాలో టెలిఫోను క్యాబిన్‌కు పోయి, మా మండలం పోస్టాఫీసుకు ఫోను కలిపించుకున్నాను. మనిషిని పంపి ఊళ్లోనుంచి ముత్యవ్వను పిలిపించారు. ఆమె పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"చెల్లె, బావ ఇగ లేడు" అన్నాను.

అటునుంచి నవ్వు వినిపించింది.

"మల్ల ఏ కాకి తన్నిందన్నా?"

"లేదు చెల్లె. నిజంగనే."

"తంతి గూడ గొట్టిండ్రు, అబ్బో! పోస్టాయన ఏడ్సుకుంట వస్తె నేనే ఊకుంచిన. వాడంత ఒకటే నవ్వు, భూషణం మల్ల సచ్చిండట అని. కాగిదం గూడ వచ్చింది, దాసిపెట్టిన, వచ్చినంక సూపెట్టి సిగ్గుదీస్త అని. అన్నా, నువ్వు పోయినపారి మంచిగ జెప్పినవ్. గొంతు వణికిచ్చినవ్. గీపారి వణుకుత లేదు. ఆయన పక్కనే ఉన్నడా? ఇయ్యి ఫోను."

నిజమే, వణకలేదు. లోపలంతా ఎండిపోయి ఉంది. ఏదో చెప్పబోయాను. లైను తెగిపోయింది.

యుద్ధం ఆగి విమానాలు మొదలయ్యేదాకా బావ చల్లగదిలోనే ఉన్నాడు. నేను పోతేగాని పని కాదని విల్లెం సారు మా పూచీదారు కఫీల్ చుట్టూ తిరిగి, నాకు పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వేయించాడు. పోయేముందు ట్రెయిలర్ నీడలో నా పక్కన కూర్చున్నాడు. భూషణం ఆయన మీద కట్టినదొకటుంది:

"ఈడ పండిండు విల్లెం సారు, బోల్టులు బిగించి మూయుండ్రి,
మన్నుల నీళ్లు లీకైతె లేస్తడు, జర పైలం జూడుండ్రి."

దానికి ఆయన తిరిగి కట్టలేదు. యుద్ధం వచ్చి పడింది.

"చాలాసార్లు కూర్చున్నాను, దేవన్నా. రాలేదు" అన్నాడు. "మా పాతవాళ్లు నిజం చావుల మీదా కట్టారు. సొంత పిల్లలు పోతే, భార్యలు పోతే కూడా, రెండే చరణాలు, మాటకు మాట అతికించి. చిన్నప్పుడు చదివి, వీళ్లకు ఏడుపు రాలేదా, ఈ ఆటలేంటి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమవుతోంది. అంతకన్నా పొడుగు రాస్తే చెయ్యి ఆగదు." పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని అట్ట లేనిచోట వేలితో రుద్దుతూ ఉండిపోయాడు. మా ఇద్దరి దగ్గరా మాట లేదు, మాట ఉన్నవాడు చల్లగదిలో ఉన్నాడు.

మెట్‌పల్లిలో బస్సు దిగి ముందు బట్టల దుకాణానికి పోయాను. ఒక చీర కొని సంచిలో అడుగున పెట్టుకున్నాను. అక్కణ్ణుంచి ఊరికి పోయాను.

ముత్యవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. నుదుట బొట్టు నిండుగా ఉంది. చేతులాడిస్తుంటే గాజులు గలగలమంటున్నాయి. నన్ను చూసి చాట ఒళ్లోంచి తీయకుండానే వాడకంతా వినిపించేట్టు అరిచింది.

"వచ్చిండే మా అన్న! ఏడున్నడన్నా ఆయన? బస్సెనుక దాక్కున్నడా? రమ్మను, గిన్నొద్దులు సచ్చినోని మొఖం నేనూ జూస్త!"

ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వుతూ బయటికొచ్చారు. ఒకామె వీధి చివరిదాకా పోయి చూసొచ్చింది. నేను అరుగు చివర కూర్చున్నాను. ముత్యవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. చావు కబురు మోసుకొచ్చినవాడు ఆ ఇంట్లో నీళ్లు ముట్టడు. చెంబు పక్కన పెట్టాను.

"తాగవేందన్నా? ఎండల వడి వస్తివి."

నేను తాగలేదు.

"బాగనే నేర్పిండు నీకు" అని నవ్వింది. చాట ఒళ్లోకి లాక్కుని ఒక ఆకు తీసుకుంది. తంబాకు పోసింది. చుట్టింది. దారం కట్టలేదు. మళ్లీ చెంబు వైపు చూసింది. "తాగన్నా. ఇగ సాలు."

సంచిలోంచి చీర తీసి ఆమె ఒళ్లో, చాట మీద పెట్టాను. అంచు లేని చీర. మొగుడు పోయిన ఆడబిడ్డకు తల్లిగారింటినుంచి అన్నదమ్ములు పెట్టే చీర. కాకి తన్నిందని కబురు పంపొచ్చు, ఏడిపించొచ్చు, నవ్వొచ్చు. ఆ చీర మాత్రం ఏ అన్నా ఉత్తుత్తికి పెట్టడు. వాడలో ఆడవాళ్ల నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ముత్యవ్వ చీరను ముట్టుకోలేదు. దానివైపే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"గీపారి ఏం కైగట్టిండన్నా?"

"ఏం కట్టలే చెల్లె."

"ఒక్క మాటన్న?"

"ఒక్కటి గూడ లేదు."

ఆమె చేతిలోని బీడీ విడిపోయింది. తంబాకు చీర మీద రాలింది. దాన్ని ఒక్కొక్క పలుకు ఏరుతూ కూర్చుంది. మొత్తం ఏరి చాటలో వేశాక గాని ఆమెకు ఏడుపు రాలేదు. అది వచ్చినప్పుడు వాడలో ఎవరూ ఆమెను పట్టుకోలేకపోయారు.

కంపెనీ పంపిన కాగితం చూరులో ఉంది. తీసింది ఆమే. వేలు సిరా మీద పెట్టి, కాగితం మీద నొక్కి, తీయకుండా అలాగే ఉంచింది. నేనే చెయ్యి పట్టి లేపాల్సి వచ్చింది. "గాడ ఒక్కడే పండుకున్నడా అన్నా, గిన్నొద్దులు? నేను నవ్వుకుంట కూసుంటి" అంది. ఆమె క్యాసెట్‌లో కట్టిన పాట లెక్కన, ఏ దేశంలో ఏ మంచం మీద ఉన్నాడో నాకు తెలుసు. అది మంచం కాదు, ఇనుప సొరుగు. ఆ మాట ఈ రోజుకీ ఆమెకు చెప్పలేదు.

కాగితం రియాద్‌కు చేరింది. కొన్నాళ్లకు పెట్టె హైదరాబాద్‌లో దిగింది. జీపు మీద తెచ్చాం. ఊరంతా వచ్చింది. మొదటిసారి ఏడ్చినవాళ్లు, రెండోసారి నవ్వినవాళ్లు, అందరూ. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పాడెను సగం దారిలో దింపాం. దింపుడు కల్లం దగ్గర అయినవాళ్లు చెవిలో పేరు పెట్టి పిలవాలి, ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని. వంగి "బావా" అని మూడుసార్లు పిలిచాను. నేను పిలిస్తే పలకకుండా అతను ఎప్పుడూ ఉండలేదు. మాట్లాడకుండా ఉండేది నేను.

మా కులంలో ఖననమే. గుంతలోకి దింపాక మగవాళ్లు పారలు అందుకున్నారు. ఎండ ముదురుతోంది. పెద్దలు కానివ్వండి, కానివ్వండి అంటున్నారు. మట్టి దబదబా పడుతోంది. ఆడవాళ్లు దూరంగా ఆగే చోటు దాటి ముత్యవ్వ గుంత దాకా నడిచొచ్చింది. నేను పెట్టిన చీర కట్టుకుంది. ఎవరో వెనక్కి పట్టుకోబోతే చెయ్యి విడిపించుకుని, పార పట్టిన నా చేతిని ఆపింది.

"అన్నా" అంది, గొంతు పోయి, నాకొక్కడికే వినిపించేట్టు. "జల్ది వొయ్యకుండ్రి. మెల్లగ వొయ్యుండ్రి. మాట యాదికొస్తదేమో."